పది లక్షల ఒకటి

నేను లెక్కల పంతులుగా చేరిన కొత్తలో, నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో బేతంచెర్ల బండలు నునుపుచేసే ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. నా పని తెలిసి ఒక మాట అడిగాడు.

"పది లక్షల ఒకటి ఏ అంకెతో భాగం పోతాదో సూస్తాండా అయ్యవారూ. రోజుకొక అంకె, బండ వెనకాల సుద్దతో ఏస్తా. రెండు కాణ్ణుంచి నూరు దాకా అయిపాయ. అన్నిటికీ శేషం మిగిల్తానే ఉంది. ఇంగా సూడాల్నా?"

నాకు తెలియదు. కానీ చుట్టూ నలుగురు వింటున్నారు.

"అక్కర్లేదు. అది దేంతోనూ పోదు," అన్నాను.

ఆయన నమ్మి, జేబులోని సుద్దముక్క నా చేతిలో పెట్టాడు. "ఇంగ మీకే పనికొస్తాది."

మర్నాడు పొద్దున బడిలో ఆ సుద్దతోనే నూటొకటితో భాగించి చూశాను. శేషం సున్నా.

తెలియదని చెప్పి ఉంటే, ఆ పొద్దున ఆయనే ఏదో బండ వెనక ఆ సున్నా వేసేవాడు.