ఆయన లేని లేన్‌లో

ఈత, ఈర్ష్య రెండూ ఒకే అక్షరంతో మొదలవుతాయి. నాకు ఈత చిన్నప్పుడే వచ్చింది. ఈర్ష్య నలభై దాటాక పట్టుకుంది. దాన్ని పట్టించిన ఆయన భీమవరం దగ్గర రొయ్యల చెరువులున్న రైతు. నాది నిడదవోలులో స్టీలు సామాన్ల కొట్టు. ఇద్దరిదీ ఒకే వయసు కావడంతో పెద్దవాళ్ల ఈత పోటీల్లో మాకు ఎప్పుడూ పక్కపక్క లేన్లే పడేవి. ప్రతిసారీ ఆయన మొదట, నేను తర్వాత. అమ్మేది స్టీలు, గెలిచేది వెండి, కావలసింది బంగారం. ఆయన మొహం ఎలా ఉంటుందని అడిగితే కాస్త తడుముకుంటాను గానీ, అరికాళ్లు మాత్రం ఎంత గుంపులోనైనా గుర్తుపడతాను. ఇన్నేళ్లూ నాకు కనిపించినవి అవే.

నాకు ఒక్కటే కోరిక. ఒక్కసారి నేను ముందు గోడ ముట్టుకుని, వెనక్కి తిరిగి ఆయన మొహం చూడాలి. అందులో రవ్వంత కుళ్లు కనిపిస్తే చాలు. పతకం ఇవ్వడం మర్చిపోయినా అడగను.

పోనీ మనిషి చెడ్డవాడా అంటే, కాదు. ఇబ్బందంతా అక్కడే ఉంది. కరోనా వచ్చి ఈత కొలనులన్నీ మూసేశాక నేను కాలువలో ఈదుకునేవాణ్ణి. ఎండాకాలం రాగానే మరమ్మతులకని కాలువలు కట్టేశారు. గోదావరి జిల్లాలో పుట్టి నీళ్లు లేక ఒడ్డున కూర్చున్నాను. సరిగ్గా అప్పుడే ఆయన ఫోన్ చేశారు.

"ఏవండీ, ఒక చెరువులో ఈసారి రొయ్యపిల్ల వెయ్యకుండా ఉంచేశానండి. నీళ్లు మార్పించాను, మధ్యలో తాడు కూడా కట్టించాను. వచ్చేయండి, ఇద్దరం ఈదుకుందాం."

"కొట్టు వదిలి రావడం కష్టమండి," అన్నాను.

"కొట్లన్నీ మూసేశారు కదండీ?"

"మూసిన కొట్టు కూడా చూసుకోవాలి కదండీ."

ఫోన్ పెట్టేశాక ఆ చెరువు నన్ను వదల్లేదు. ఒక మనిషి తన సొంత నీళ్లలో, తన సొంత గట్ల మధ్య, తను కట్టించుకున్న తాడు పక్కన ఈదుతున్నాడు. నాకేముంది? గిన్నెలున్నాయి. కొట్లో చాలాకాలంగా అమ్ముడుపోని గంగాళం ఒకటి ఉంటే దాన్ని నీళ్లతో నింపి, తల ముంచి ఊపిరి బిగబట్టడం మొదలుపెట్టాను. టిఫిన్ తెచ్చిన మా ఆవిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

"షట్టరు సగం దించి గంగాళంలో తల పెట్టారేంటండీ? ఎవరైనా చూస్తే వ్యాపారం మునిగిపోయిందనుకుంటారు."

"ఊపిరి బిగబట్టడం ప్రాక్టీసు చేస్తున్నాను."

"ఊళ్లో వాళ్లు ఊపిరి అందక అల్లాడుతుంటే, మీరు ఉన్నది బిగబట్టుకుంటున్నారా?"

మా బజారులోనే ఆక్సిజన్ సిలిండర్ కోసం తిరుగుతున్నవాళ్లున్నారు. సిగ్గేసి గంగాళం బోర్లించేశాను. వారం తిరక్కుండానే మళ్లీ నిలబెట్టాను. లాక్‌డౌన్ అన్నిటికీ పెట్టారు గానీ ఈర్ష్యకు పెట్టలేదు.

జబ్బు కాస్త తగ్గుముఖం పట్టి కొలనులు తెరిచాక, మా పెద్దవాళ్ల జాతీయ పోటీలు జరుపుతామన్నారు. దేశంలో ఈతగాళ్లందర్నీ ఒక్కచోట పోగుచెయ్యడం మంచిది కాదని నాలుగైదు నగరాల్లో పెట్టారు. ఎవరికి వీలైన చోట వాళ్లు ఈదాలి. అన్నిచోట్ల టైములూ కలిపి, సాయంత్రానికి ఎవరు ఎన్నోవాళ్లో తేలుస్తారు.

"నేను విశాఖ రాశానండి," అని ఆయన ఫోన్. "మీరూ అదే రాయండి. నా కారులో కలిసి పోదాం."

ఆ కారు నాకు తెలుసు. అందులో కూర్చుంటే ఓడిపోవడానికి వెళ్తున్నట్టు కాకుండా, ఓడిపోయి వస్తున్నట్టే ఉంటుంది.

"అయ్యో, నేను హైదరాబాద్ రాసేశానండి. మా అమ్మాయి అక్కడే ఉంది కదా."

అబద్ధం కాదు, అమ్మాయి అక్కడే ఉంది. రాయడం మాత్రం ఫోన్ పెట్టేశాక రాశాను. ఆ అరికాళ్లు కళ్ల ముందు లేకపోతే నా చేతులు ఎంత హాయిగా ఆడతాయో చూడాలనుకున్నాను.

హైదరాబాద్ కొలను దగ్గర ప్రేక్షకులు లేరు. మాస్కు పెట్టుకున్న ఒకావిడ నా నుదుటికి జ్వరం చూసే తుపాకీ గురిపెట్టి, బాగానే ఉంది వెళ్లమంది. నా నుదుటిన ఏం రాసుందో దానిక్కూడా తెలియలేదు. పక్క లేన్‌లో మంచి పొట్ట ఉన్న బ్యాంకు ఉద్యోగి ఒకాయన.

వంద మీటర్ల ఫ్రీస్టైల్. దూకాను. ఎదురుగా నీళ్లు తప్ప ఏమీ లేవు. ఆయన లేని లేన్ చూసి చేతులు హాయిగా ఆడటం మాట అటుంచి, ఎందుకు ఆడాలో వాటికి తెలియలేదు. యాభై దగ్గర గోడను తన్ని తిరిగాక, ఈ పాటికి విశాఖలో ఆయన కూడా తిరిగి ఉంటారన్న ఊహ వచ్చింది. అంతే, ఒక్కో బారకూ ఆయన ఆస్తి ఒకటి గుర్తొచ్చింది. చెరువు. తాడు. కారు. పొట్ట లేకపోవడం. గోడ ముందు నాకే తగిలింది.

వెనక్కి తిరిగి చూశాను. బ్యాంకాయన రొప్పుతూ వచ్చి, "కంగ్రాట్స్ సార్," అన్నారు. పాపం, మంచి మొహమే. నాకు కావలసిన మొహం విశాఖలో ఉంది. దాన్నుంచి తప్పించుకోవడానికి ఇంత దూరం వచ్చింది నేనే.

సాయంత్రం అమ్మాయి తన ఫోన్‌లో ఫలితాలు చూపించింది. మొదటి రెండు పేర్లూ వేరే నగరాల్లో ఈదిన, ముక్కూ మొహం తెలియని మనుషులవి. వాళ్లమీద నాకేమీ అనిపించలేదు. ఈర్ష్యకు పరిచయం ఉండాలి. మూడో పేరు నాది. సరిగ్గా నా కింద ఆయనది.

"నాన్నా, నీకు కంచు పతకం వచ్చింది. ఆ కింది పేరు చూస్తావేంటి?"

"ఊరికే. మనూరి వైపాయన."

పది నిమిషాల్లో ఆయనే ఫోన్ చేశారు. "చాలా సంతోషమండి. చెరువులో ఈది ఈది నాకు టర్న్ పోయిందండి. గట్టు ఏటవాలుగా ఉంటుంది కదా, కాలు తన్నడానికి గోడేదీ? మీరెక్కడ ప్రాక్టీసు చేశారు?"

"ఏదో, కొట్లోనే," అన్నాను. ఆ గొంతులో ఎక్కడైనా చిన్న బీట దొరుకుతుందేమోనని చెవి రిక్కించాను. లేదు. సిగ్నల్ లేదని చెప్పి మళ్లీ చెప్పించుకున్నాను. అంతే సంతోషంగా, ఇంకొంచెం గట్టిగా చెప్పారు.

కంచు పతకంతో నిడదవోలు వచ్చాను గానీ, వెళ్లేటప్పటికంటే బరువుగా వచ్చాను. ఓడిపోయి హాయిగా ఉండటం కూడా ఆయనకే చేతనైంది. దానికీ కుళ్లుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత, మధ్యాహ్నం భోజనానికి కూర్చోబోతుంటే ఆయన భార్య ఫోన్ చేశారు.

"అన్నయ్యగారూ, ఒకసారి ఈయనతో మాట్లాడండి. విశాఖ నుంచి వచ్చిన దగ్గర్నుంచీ అన్నం సయించట్లేదంటున్నారు. రుచి పోయిందేమోనని టెస్టు చేయించాం, నెగిటివే వచ్చింది. కూర్చుంటే చాలు, ఫోన్ తీసి ఆ రిజల్ట్సే చూసుకుంటున్నారు. నిన్న మేస్త్రీని పిలిపించి చెరువులో గోడ కట్టమంటున్నారండి. రొయ్యల చెరువులో గోడేంటండీ?"

"కంగారు పడకమ్మా," అన్నాను. "ప్రాణానికేం భయం లేదు. నాకు చాలా ఏళ్లుగా ఉంది."

మా ఆవిడ పప్పు గిన్నెతో అలాగే నిలబడింది. "ఎవరికో ఒంట్లో బాగోలేదని ఫోనొస్తే అంత నవ్వుతారేంటండీ?"

సమాధానం చెప్పకుండా వెంటనే ఆయనకు ఫోన్ కలిపాను.

"ఏవండీ, ఒంట్లో బాగోలేదట?"

"ఎవరు చెప్పారండీ? శుభ్రంగా ఉన్నాను."

"గోడ కట్టిస్తున్నారట?"

అవతల చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ చప్పుడు వినిపిస్తోంది.

"గోడా?" అన్నారు. "ఏ గోడండీ?"

ఆ పూట పప్పు రెండుసార్లు అడిగి వేయించుకున్నాను.