రెబ్కమ్మ వెయ్యని ఉప్పు

ముప్పయ్యేళ్ళుగా ఆ పేటలో ఎవరింట్లో ప్రార్థన కూడిక జరిగినా పొయ్యి దగ్గర రెబ్కమ్మే ఉంటుంది. పెళ్ళి కూడికకైనా, కొత్తిల్లు కూడికకైనా, మనిషి పోయాక పెట్టే ఆదరణ కూడికకైనా పలావు ఆమె చేతిదే. చిలకలూరిపేటకి ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఊరది. వారమంతా మిరపకోతకి వెళ్తుంది. సాయంత్రం చేతులు భగ్గున మండుతుంటే కొబ్బరినూనె రాసుకుంటుంది. ఆదివారం అవే చేతులతో గుండిగ దించుతుంది. భర్త మార్క్ జిన్నింగు మిల్లులో పత్తి బేళ్ళు మోసి మోసి నడుము పోగొట్టుకుని ఇంటిపట్టున ఉంటున్నాడు. కూలిపనికి వెళ్తే ఆమెని పిలిచేది "ఏమే" అని. గరిటె పట్టుకుంటే మాత్రం "రెబ్కమ్మ గారూ" అంటారు. ఆ ఒక్క గౌరవమే ఆమె సంపాదించుకున్నది.

ఆమెకో పట్టింపుంది. వండినది రుచి చూడదు. పాస్టరయ్యగారు ప్రార్థన చేసి ఆమెన్ అనేదాకా వండినవాళ్ళ నోటికి గరిటె తగలకూడదని పెళ్ళయిన కొత్తలో అత్తగారు చెప్పింది. అత్తగారు పోయి ఇరవయ్యేళ్ళయినా ఆ మాట పోలేదు. మరి ఉప్పు ఎలా తెలుస్తుందంటే చేతికి తెలుస్తుంది. కోడి మెడలు, వీపులు, ఎముకలు మూడు గంటలు కాచి ఎసరు తీస్తుంది. ఆ ఎసట్లో కిలో బియ్యానికి ఒక పిడికిడు రాళ్ళుప్పు వేస్తుంది. పిడికిడంటే ఆమె పిడికిడే, మీదీ నాదీ కాదు. ముప్పయ్యేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు.

సంఘం సెక్రటరీ ఎలీషా మాస్టారి కూతురికి మొదటి పుట్టినరోజు వచ్చింది. నలభై మందికి భోజనాలు. మాస్టారి భార్య క్రిస్టీనా మంగళగిరిలో ఆఫీసు ఉద్యోగం చేస్తుంది. పిల్లల గొంతులో ఎముకలు గుచ్చుకుంటాయని మాంసమంతా బోన్‌లెస్ తెప్పించింది. ఎముకలు లేకపోతే ఎసరెలా తియ్యాలని రెబ్కమ్మ అడిగితే, నవ్వుతూ అట్టడబ్బాలు వరసగా తెచ్చి అరుగు మీద పెట్టింది. వాటి మీద నిగనిగలాడే కోడి బొమ్మ, పక్కన క్యారెట్లు, కొత్తిమీర.

"ఇది రెడీమేడ్ కోడి రసం ఆంటీ. మీరు మూడు గంటలు పొగలో కూర్చోవక్కర్లేదు. పోసెయ్యడమే."

"ఇందులో ఉప్పుందామ్మా?"

అడిగింది. ఎసరు పొయ్యకముందే అడిగింది. ఉల్లిపాయలు తరుగుతున్న సుబ్బరావమ్మ కూడా విన్నది. క్రిస్టీనా డబ్బా ముందువైపు ఒక్కసారి చూసి, "లేదాంటీ, ఇంట్లో కాచినట్టే ఉంటుందని రాశాడు. మీరు మామూలుగా వండండి" అని చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్ళిపోయింది. ఇంగ్లీషు చదువుకున్న పిల్ల చెప్పాక ఇంక అనుమానమేముంది? ఆరు కిలోల బియ్యానికి ఆరు పిడికిళ్ళు పడ్డాయి.

యేసుపాదం అయ్యగారు ప్రార్థన ముగించి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపారు. గ్లాసుడు మంచినీళ్ళు తాగారు. అంతలో పందిరంతా నీళ్ళ కోసం చేతులు లేచాయి. చంటిపిల్లలు ఉమ్మేశారు. మజ్జిగ రెండు నిమిషాల్లో అయిపోయింది. రెబ్కమ్మ గుండిగలో ఒక మెతుకు తీసి నాలిక మీద పెట్టుకుని అక్కడే చతికిలబడింది. ఉప్పు కషాయంలా ఉంది.

అప్పుడు క్రిస్టీనా అందరూ వినేలా ఒక మాట అంది.

"ఆంటీకి వయసైపోయింది కదా, చేతి లెక్క తప్పింది. ఏమీ అనుకోకండి."

రెబ్కమ్మ నోరు తెరిచింది కానీ అవతల బిడ్డ చేత కేకు కోయిస్తున్నారు. పండగపూట గొడవెందుకని నోరు మూసుకుంది. మంచితనానికి పోయి నోరు మూసుకున్నవాళ్ళనే లోకం నేరస్తులని తేల్చేస్తుంది. వారం తిరక్కుండా ఎలీషా మాస్టారు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"కమిటీలో అనుకున్నామండీ. ఈసారి కోతపండక్కి చిలకలూరిపేట నుంచి క్యాటరింగు వాళ్ళని పిలుద్దామని. మీరు కాస్త రెస్టు తీసుకోండి."

కోతపండగంటే ఏడాదికొక్కసారి పంటలో మొదటి భాగం గుడిలో అర్పించి, ఊరంతా కలిసి తినే రోజు. ముప్పై కోతపండగలు వండిన మనిషికి రెస్టట. మిరపకోతలో ఎండకి సొమ్మసిల్లినప్పుడు ఒక్కడూ రెస్టు తీసుకోమనలేదు. మాస్టారు వెళ్ళాక రెబ్కమ్మ గిన్నెలన్నీ ఎత్తెత్తి కుదేసింది.

"ఏమైందని అడగలేదు, నిజమేంటని అడగలేదు. ముసలిదైపోయానని తీర్పిచ్చేశారు" అంది మార్క్‌తో.

"పోనియ్యవే."

"ఎట్టా పోనిస్తాను? నా చెయ్యి తప్పలేదు. తప్పిందంటే నేనే ఒప్పుకుంటాను."

మర్నాడు కోతకి వెళ్ళలేదు. చెల్లెలి కూతురు జాస్మిన్ చిలకలూరిపేటలో ఒక సూపర్‌మార్కెట్‌లో బిల్లింగు చేస్తుంది. ఆటో ఎక్కి నేరుగా అక్కడికి వెళ్ళింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక జాస్మిన్ ఆమెని అరల దగ్గరికి తీసుకెళ్ళింది. కోడి రసం డబ్బాలు మూడు రకాలున్నాయి. క్రిస్టీనా తెచ్చిన డబ్బాని రెబ్కమ్మ దూరం నుంచే గుర్తుపట్టింది.

"వెనక తిప్పు పెద్దమ్మా. ముందు వైపంతా బొమ్మలే. వెనకాల సన్నగా ఉంటుంది చూడు, అందులో ఏది ఎక్కువ కలిపితే దాని పేరు ముందు రాస్తారు."

జాస్మిన్ చదువుతుంటే రెబ్కమ్మ కళ్ళద్దాలు సర్దుకుని ఆ వరస వెంట వేలు జరిపింది. మొదట నీళ్ళు. తర్వాత ఉప్పు. తర్వాత పంచదార, వాసనకి ఏదో, రంగుకి ఏదో. చిట్టచివర కోడి పొడి, నూటికి రెండు పాళ్ళు.

"కోడి కంటే ఉప్పు ముందుందా?"

"ముందే ఉంది."

రెబ్కమ్మకి కోపంతో చెవులు వేడెక్కాయి. బొమ్మలో కోడి ఆమె పెరట్లో పెట్టంత ఉంది. లోపలున్న కోడి చీమంత. ఆ చీమని పెట్టలా చూపించి అమ్ముకునేవాడికి ఏ అవమానమూ లేదు. ఉప్పు లేదని చదవకుండా చెప్పిన చదువుకున్నామెకీ లేదు. పరువు పోయింది మాత్రం అడిగి తెలుసుకుని వండిన మనిషికి.

రెండో డబ్బా మీద ఉప్పు తక్కువని పెద్దక్షరాలున్నాయి. దేనికంటే తక్కువో ఎక్కడా లేదు. వెనక చూస్తే అందులోనూ కోడి ఆఖర్నే ఉంది. మూడోదాని మీద బొమ్మే లేదు, వెలిసిపోయిన పసుపు అట్ట. అందులో నీళ్ళ తర్వాత కోడి, కోడి ఎముకలు, ఉల్లిపాయ, మిరియాలు. అంతే. ఉప్పు కలపలేదని కూడా రాసుంది. మొదటిదీ మూడోదీ కొనుక్కుని జాస్మిన్ ఇంట్లో గిన్నెల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టించింది. సాయంత్రానికి మొదటిది నీళ్ళలాగే గలగలమంటోంది. మూడోది గిన్నె ఒంచినా కారకుండా వణుకుతోంది. ఎముక సరిగ్గా కాగితే రసం అలాగే గడ్డకడుతుందని రెబ్కమ్మకి ఏ అట్టా చెప్పక్కర్లేదు.

ఆదివారం ఆరాధన అయ్యాక కమిటీ వాళ్ళు గుడి వరండాలో కూర్చున్నారు. క్రిస్టీనా బిడ్డనెత్తుకుని పక్కనే ఉంది. రెబ్కమ్మ ఒక ఫ్లాస్కు, గ్లాసులు, ఖాళీ అట్టడబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"ఏంటండీ ఇది?" అన్నారు మాస్టారు.

"కోడి రసమండీ. అయ్యగారూ, ముందు ప్రార్థన చెయ్యండి. తర్వాత అందరూ తాగండి."

యేసుపాదం అయ్యగారు ఆశ్చర్యపడినా కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థించారు. అందరూ ఆమెన్ అని గుక్క వేశారు. మాస్టారి మొహం ముడుచుకుపోయింది. అయ్యగారు గ్లాసు కింద పెట్టి నీళ్ళ కోసం చూశారు. క్రిస్టీనా గుక్క మింగలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇంత ఉప్పు వేశారేంటండీ?" అన్నారు మాస్టారు.

"ఒక్క రాయి కూడా వెయ్యలేదు మాస్టారూ. డబ్బా కోసి వేడి చేశానంతే. ఆ రోజు మీ ఇంట్లో పోసింది ఇదే. ఉప్పుందా అని మీ ఆవిడని అడిగాను. సుబ్బరావమ్మ అక్కడే ఉంది, పిలిచి అడగండి."

ఎవరూ సుబ్బరావమ్మని పిలవలేదు. క్రిస్టీనా డబ్బా తిప్పి వెనక చదివింది. చదవడం అయిపోయినా తల ఎత్తలేదు. అయ్యగారు గొంతు సవరించుకుని, "రుచి చూడ్డం పాపమేం కాదు కదా రెబ్కమ్మా, ఆ రోజు కాస్త చూసుంటే పోయేది" అన్నారు.

అది విని రెబ్కమ్మకి ఒళ్ళు మండిపోయింది.

"ముప్పయ్యేళ్ళు నేను చూడకుండా వండితే మీరందరూ తిన్నారయ్యగారూ. అప్పుడు భక్తి అన్నారు. ఇప్పుడు నా తప్పంటున్నారు. నేను ఎంగిలి చెయ్యను. మీరు చదివి చెప్పండి, చాలు."

కోతపండగ నాడు గుడి వెనక పొయ్యి రాజేసింది రెబ్కమ్మే. క్యాటరింగు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. క్షమించమని కూడా ఎవరూ అనలేదు. ఎముకలు చాలకపోవడంతో నాలుగు పసుపు అట్టడబ్బాలు తెప్పించారు. గుండిగ కాగుతుంటే రెబ్కమ్మ ఉప్పు జాడీ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. ఉల్లిపాయలు తరిగే ఆడవాళ్ళు పదిమంది చుట్టూ ఉన్నారు.

"క్రిస్టీనమ్మా, ఇట్రా. వెనకవైపు చదువు."

క్రిస్టీనా వచ్చి నిలబడింది. నెమ్మదిగా చదివింది.

"కాస్త గట్టిగా చదవమ్మా, అందరికీ వినపడాలి."

"నీళ్ళు. కోడి. కోడి ఎముకలు. ఉల్లిపాయ. మిరియాలు."

"ఉప్పు?"

"లేదాంటీ. కలపలేదని రాసుంది."

"మిగతా మూడూ చదువు."

నాలుగు అట్టలూ, ఒకదాని తర్వాత ఒకటి, గట్టిగా చదివించింది. అప్పుడు జాడీ మూత తీసి మొదటి పిడికిడు వేసింది.