సున్నం గీత పక్కకు జరిగిన రోజు

ఉదయం ఆరూ ఇరవైకి సికింద్రాబాద్‌లో లింగంపల్లి లోకల్ రైలు ఎక్కాను. ఎక్కేటప్పటికే నాకు ఒళ్లు మండిపోతోంది. భూమిలో ఫైబర్ కేబుల్ వేసే ఒక చిన్న కంట్రాక్టరు దగ్గర నా ఉద్యోగం. రోడ్ల ఆఫీసులు, పంచాయతీలు, ఫ్యాక్టరీ గేట్లు తిరిగి అనుమతులు తెచ్చే మనిషిని. సముద్రం అడుగున దేశాలు దాటి వచ్చిన కేబుల్‌కి పటాన్‌చెరు దాకా దారి చూపించేది నేనేనని మా ఆయన దగ్గర కోతలు కోస్తుంటాను. ఆ గొప్పంతా జిన్నారం అవతల ఒక ఊళ్లో, క్రైస్తవుల సమాధుల తోట ముందు, అరవై మీటర్ల ముక్క దగ్గర ఆగిపోయింది.

సంగతి ఇదీ. వానలు వస్తున్నాయని మర్నాటి నుంచి రోడ్డు పక్క తవ్వకాలకు కొత్త అనుమతులు ఆపేస్తున్నారు. సాయంత్రం ఐదులోపు ఆ ఊరి క్రైస్తవ సంఘం వాళ్ల అంగీకార పత్రం సంగారెడ్డి రోడ్ల ఆఫీసులో ఇస్తేనే మా ఫైలు కదులుతుంది. లేకపోతే దసరా దాకా అంతే. "ఇదీ పోతే మీరిక ఆఫీసుకు రానక్కర్లేదు" అని మా యజమాని మొహం మీదే చెప్పేశాడు. వారం కింద సరేనన్న సంఘ పెద్ద దేవదానం గారేమో, ముందు రోజు ఫోన్ చేసి అడ్డం తిరిగారు. "సంతకం పెట్టం మేడమ్. ఫోన్లల్ల మాట్లాడుడు గాదు, జెర మీరొచ్చి సూడున్రి" అన్నారు. కారణం అడిగేలోపు పెట్టేశారు.

ఏడుంబావుకు లింగంపల్లిలో దిగి, స్టేషన్ బయట చాయ్ తాగి, పటాన్‌చెరు బస్సెక్కాను. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు జీరో టికెట్. కండక్టరమ్మ టికెట్ చింపుతూ నా మొహం చూసింది. "ఏందక్కా, పొద్దుగాల్నే గట్ల మొఖం మాడ్సుకున్నవ్? ముఫత్‌ల తీస్కపోతున్న గదా!" అంది. నవ్వక తప్పలేదు.

పటాన్‌చెరులో జిన్నారం వైపు బస్సు ఎనిమిదింటికి. అంతా షిఫ్టుకు పోయే కార్మికులు. నిలబడే చోటు కూడా లేదు. బీహారీ కుర్రాడిలా ఉన్నాడు, పాతికేళ్లుంటాయి, "బైఠియే దీదీ, మేరా స్టాప్ ఆ గయా" అని, తన స్టాపు వచ్చేసిందన్నట్టు లేచి సీటిచ్చాడు. తీరా చూస్తే అతను దిగింది మరో నాలుగు స్టాపుల తర్వాత. మందుల కంపెనీల వరస వచ్చేసరికి బస్సంతా కొంగులూ రుమాళ్లూ ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. నేనూ పెట్టుకున్నాను.

తొమ్మిదీ ఇరవైకి ఊళ్లో దిగితే దేవదానం గారు గొడుగు పట్టుకుని నా కోసమే నిలబడి ఉన్నారు. రిటైరైన బడిపంతులు. నేను దెబ్బలాటకు నోరు తెరిచేలోపే "వందనాలమ్మా" అని, సమాధుల తోట దగ్గరికి నడిపించారు. రోడ్డు అంచున మా సర్వేయర్ పోసిన సున్నం గీత తెల్లగా, నిటారుగా కనిపించింది. గీత స్పష్టంగా ఉండాలి, ఫొటోలో పడాలి అని పోయించింది నేనే.

"మా ఊళ్లె మనిషి పోతేనే ఈడ సున్నం పోస్తం మేడమ్" అన్నారాయన. "నాలుగు మూలలకు పోసినంకనే గడ్డపార వడ్తం. మీవోళ్లు నిన్న తెల్లారంగ గింత పొడుగు పోసిపోయిన్రు. ఎవలు పోయిన్రో తెల్వక ఊరంతా పరేషాన్. జోగిపేటల ఉన్న నా బిడ్డకు ఎవలో ఫోన్ జేస్తే, ఏడ్సుకుంట మొదటి బస్సుకే వచ్చింది. వచ్చేసరికి నేను అరుగు మీద గూసొని చాయ్ తాగుతున్న. బతికున్నందుకు నన్నే తిట్టింది!"

ఆయన నవ్వారు. నాకు నవ్వూ సిగ్గూ ఒక్కసారే వచ్చాయి. ఒక మాట ముందుగా అడిగి ఉంటే ఈ గోల ఉండేది కాదు.

గీత పక్కన చేతికర్ర పెట్టుకుని ఒక ముసలావిడ కూర్చుని ఉంది. పేరు రూతమ్మ. నిన్నటి నుంచి పగలంతా అక్కడే కాపలా ఉంటోందట. "నువ్వేనా తవ్వేదానివి?" అంది నన్ను చూసి. అవునన్నాను. ఇంకేం అనను?

"నోట్లె పండ్లు రాని పిల్లలకు ఈడ రాయి పెట్టరు బిడ్డా. పేరు రాయరు. మట్టి గప్పి, ప్రార్థన జేసి వచ్చుడే. యాడున్నరో తల్లులకే ఎరుక. ఆ తల్లులంత పోయిన్రు. ఇగ నా ఒక్కదానికే ఎరుక."

లేచి, కల్వర్టు గోడ దగ్గర నుంచి అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. ఆగిన చోటల్లా ఒక గులకరాయి పెట్టింది. మొత్తం ఏడు. అన్నీ మా గీత మీదో, గీతకు జానెడు దూరంలోనో ఉన్నాయి. మూడో రాయి దగ్గర మాత్రం కింద కూర్చుని మట్టిని అరచేత్తో సర్దింది.

"గిది నా కొడుకు. మూడు దినాలే బతికిండు."

మా పటంలో ఆ జాగా ఖాళీ అని ఉంది. ఖాళీ అని రాయించింది నేనే. పొద్దుటి నుంచి మోసుకొచ్చిన కోపం ఎటు పోయిందో తెలియదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. "తప్పు నాదేనమ్మా" అన్నాను. ఆవిడ కోప్పడలేదు. "తెల్వక జేసినవ్ తీయ్" అంది.

కానీ గీత ఎటు జరపాలి? రోడ్డుకు అవతల నీళ్ల పైపులు ఉన్నాయి. మిగిలింది తోట వెనక పత్తి చేను గట్టు ఒక్కటే. ఇంకొకరి భూమి కాబట్టి ఒప్పుకోరనుకున్నాను. దేవదానం గారు ఫోన్ చేస్తే చేను యజమాని నర్సింహారెడ్డి టీవీఎస్ బండి మీద వచ్చాడు. అంతా విన్నాడు.

"గట్టు పొంటి తీస్కపోన్రి. విత్తనం ఎయ్యకముందే తవ్వి పూడ్వాలె. గదొక్కటే" అన్నాడు.

పరిహారం మాట ఎత్తబోయాను. చెయ్యి ఊపేశాడు. "ఏమొద్దు మేడమ్. రూతక్క నలభై ఏండ్లు నా చేన్ల కలుపు తీసింది. ఆమె కొడుకు మీద గడ్డపార వడుతుంటే నేను గట్టు కోసం కొట్లాడుతనా?"

రూతమ్మ ఇంట్లో కూర్చుని సంఘం అంగీకారం, గట్టు అంగీకారం, రెండు పత్రాలూ నా చేత్తోనే రాశాను. దేవదానం గారూ నర్సింహారెడ్డీ సంతకాలు పెట్టారు. రూతమ్మ జొన్నరొట్టె, పుంటికూర పప్పు పెట్టి తినేదాకా కదలనివ్వలేదు. తింటుండగా అడిగిందావిడ: "మీ తీగ మీద రాయి పెడ్తరట గదా, ఈడ తవ్వొద్దని?"

"పెడతామమ్మా."

"మరి మా పిల్లల దగ్గర ఎవలు పెడ్తరు?"

"చిన్నపిల్లలకు సమాధి రాయి పెట్టే ఆచారం లేదు గదమ్మా" అన్నారు దేవదానం గారు.

"సమాధి రాయి గాదు సార్. తవ్వొద్దని చెప్పే రాయి."

నోట్లో ముద్ద మింగి, ఆ కోరికను కూడా పత్రంలో చేర్చాను.

ఒంటిగంటన్నర బస్సు రాలేదు. రెండైనా రాలేదు. నర్సింహారెడ్డి "ఎక్కు మేడమ్, జల్దీ" అని బండి తీశాడు. ఎండలో, లారీల మధ్య, పటాన్‌చెరు దాకా దింపాడు. మంచినీళ్లు తాగమన్నా ఆగకుండా వెనక్కి తిప్పుకుని వెళ్లిపోయాడు. మూడున్నరకు సంగారెడ్డి బస్సు దొరికింది. పాశమైలారం దగ్గర షిఫ్టు దిగినవాళ్లు ఎక్కుతున్నంతసేపూ గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఆఫీసు చేరేసరికి ఐదుకు ఇరవై తక్కువ. ఇంజనీరు గారు బీరువా తాళాలు చేతిలో పట్టుకుని ఉన్నారు. నేను దిద్దిన పటం చూసి "గీత వంకర పోయిందేంటమ్మా?" అన్నారు. చెప్పాను. అంతా విని కుర్చీలో కూర్చున్నారు. ఎర్ర పెన్ను తీసి, నేను చూపించిన చోటల్లా ఒక చుక్క పెట్టారు. కింద తన చేత్తో ఇలా రాశారు: "ఈ ఏడు చోట్ల పసిపిల్లల సమాధులు ఉన్నవి. ఎప్పుడూ తవ్వరాదు. హెచ్చరిక రాయి పెట్టవలెను." సంతకం పెట్టి, ముద్ర వేసి, పత్రాలు ఫైల్లో పెట్టుకుని, పటం నకలు నాకు ఇచ్చారు. అప్పటికి ఐదుకు ఇంకా ఐదు నిమిషాలుంది. చేతులెత్తి దండం పెట్టాను.

ఐదూ నలభైకి లింగంపల్లి బస్సు, మళ్లీ జీరో టికెట్. ఎక్కగానే దేవదానం గారికి ఫోన్ చేసి, చుక్కల సంగతీ రాత సంగతీ చెప్పాను. ఆ దారిన వెళ్లేవాళ్లకు ఒక మాట చెబుతాను: మధ్యాహ్నం బస్సును మాత్రం నమ్ముకోకండి. మనుషుల్ని నమ్ముకోవచ్చు. ఆ రోజు నా ఉద్యోగాన్ని నిలబెట్టిన వాళ్లలో నాకు ముందు నుంచి బాగా తెలిసిన మనిషి ఒక్కరూ లేరు. ఒకరు సీటిచ్చారు, ఒకరు అన్నం పెట్టారు, ఒకరు గట్టిచ్చారు, ఒకరు తాళం వేయకుండా ఆగారు. ఎవరి రుణం ఎలా తీర్చుకోవాలో నాకు తెలియదు.

ఇస్నాపూర్ దాటాక దేవదానం గారి నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. మాట్లాడింది రూతమ్మ. "సదువు బిడ్డా" అంది. ఇంజనీరు గారు రాసింది చదివాను. మళ్లీ చదవమంది. మళ్లీ చదివాను.

"సుక్కలు పెట్టిండా?"

"పెట్టారమ్మా. ఏడు."

"మావోడు ఏ సుక్క?"

"కల్వర్టు వైపు నుంచి మూడోది."

ఆవిడ మూడు దాకా లెక్కపెట్టుకోవడం వినిపించింది.

"ఆ. గాడనే ఉన్నడు" అంది. తర్వాత మెల్లగా, "ఇగ నేను పోయినా ఫికర్ లేదు" అంది.

లింగంపల్లి వచ్చేదాకా ఆ కాగితాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చున్నాను.