బీదర్‌లో మూడు రౌండ్ల ఇంటర్వ్యూ, సూది పట్టుకుని నేను మూసిన కళ్ళు

నేను హైదరాబాద్‌లో నర్సుని. మా ఆయన లారీ మీద ఊళ్ళు తిరుగుతారు. అందుకని మా ఐదేళ్ళ పాప రూతు బీదర్ దగ్గర మన్నళ్ళిలో మా అక్క ఇంట్లో పెరుగుతోంది. నెలకోసారి వెళ్ళి చూసి రావడమే. బీదర్‌లో ఒక ఆస్పత్రికి నర్సులు కావాలని తెలియగానే అప్లై చేశాను. వస్తే నా బిడ్డతో ఒక ఇంట్లో ఉంటాను, రాకపోతే ఈ తిరుగుడే. నాలాగే ఇంటర్వ్యూకి బయల్దేరేవాళ్ళ కోసం ఆ రోజు సంగతి రాస్తున్నాను.

తెల్లవారుజామున బస్సెక్కితే జహీరాబాద్ మీదుగా మూడు మూడున్నర గంటల ప్రయాణం. దారిలో టిఫిన్‌కి ఆపారు గానీ నేను చాయ్ కూడా తాగలేదు. బీదర్ బస్టాండు నుంచి ఆస్పత్రికి ఆటోకి అరవై రూపాయలు అడిగాడు. బేరమాడే ఓపిక లేదు.

"ఇంటర్వ్యూకా అక్కా? పొద్దుగాల్నుంచి గాడికే మస్తు మందిని దింపిన," అన్నాడు ఆటో అన్న. ఉన్న కాస్త ధైర్యమూ దాంతో పోయింది.

మొదటిది రాత పరీక్ష, పెద్ద కష్టం కాదు. కష్టమంతా ఆ తర్వాత వరండాలో కూర్చోవడమే. ఒకాయన బయటికొచ్చి పేర్లు పిలుస్తాడు. పేరు రానివాళ్ళు బ్యాగు తీసుకుని వెళ్ళిపోవాలి. నా పేరు చివర్లో వచ్చింది.

రెండోది ప్రాక్టికల్. రబ్బరు చేతికి సెలైన్ సూది పెట్టాలి. మా ఇంట్లో అన్నం ముట్టేముందు, బస్సెక్కేముందు, ఏ పని మొదలుపెట్టినా కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంటాం. డ్యూటీలో ఉంటే చేతులు కడుక్కునేటప్పుడే అది అయిపోతుంది. ఆ రోజు కంగారులో మర్చిపోయాను. సూది పట్టుకున్నాక గుర్తొచ్చి అక్కడే కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి హెడ్ సిస్టర్ నన్నే చూస్తూ ఏదో రాసుకుంటున్నారు. సూది సరిగ్గానే పెట్టాను. కానీ బయటికి రాగానే, నాతోపాటు పరీక్ష రాసిన, ధన్నూర అనే ఊరి అమ్మాయి, "ఏమైందక్కా, కండ్లు తిరిగినయా?" అని అడిగింది. హెడ్ సిస్టర్ కూడా అదే అనుకుని ఉంటారు.

మధ్యాహ్నం చివరి రౌండులో డాక్టరమ్మ, హెడ్ సిస్టర్ రాసిన కాగితం చూసి మొదట అదే అడిగారు. "మీకు కండ్లు తిరుగుతయా?"

"లేదు మేడం. ప్రార్థన చేసుకున్న."

"సూది పట్టుకొనా? పేషెంట్ చూస్తే ఏమనుకుంటడు?"

"భయపడతడు మేడం. సూది ముట్టకముందే చేసుకుంట ఎప్పుడైనా. ఇయాల గాబరాల మరిచిన."

"ఐసీయూల దినాం గాబరానే. అప్పుడేం చేస్తరు?"

"సూది పక్కకు పెడత. చేతులు మళ్ళ కడుక్కొని మొదటికెల్లి మొదలుపెడత."

ఆమె పక్కనున్న హెడ్ సిస్టర్‌తో కన్నడలో మెల్లగా మాట్లాడి, నన్ను బయట కూర్చోమన్నారు. ఆ కూర్చున్నంతసేపు నామీద నాకే ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. పొద్దు వాలుతుండగా పిలిచి, వచ్చే సోమవారం డ్యూటీలో చేరమన్నారు. ధన్నూర అమ్మాయిని కూడా తీసుకున్నారు. ఇద్దరం వరండాలోనే ఏడ్చేశాం.

మీరు వెళ్తే ఒక్కటి గుర్తుంచుకోండి. అన్నీ ఒకే రోజు అవుతాయంటారు గానీ ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలియదు, తిరుగు టికెట్ ముందే తీసుకోకండి. నేనైతే హైదరాబాద్ వెళ్ళకుండా మన్నళ్ళి బస్సెక్కాను. దారంతా, ఈ ఉద్యోగం దొరికిందంటే అన్నీ దొరికినట్టేనని అనుకుంటూ వెళ్ళాను. ఇంటికెళ్ళి రూతుని ఎత్తుకుని, ఇంక ఎక్కడికీ పోను, ఇక్కడే ఉంటానని చెప్పాను. అది నా చేతుల్లోంచి జారి వంటింట్లోకి పరుగెత్తి మా అక్కతో చెప్పింది, "పెద్దమ్మా, ఈమె మనింట్లనే ఉంటదట."