ఎదురింటి సముద్రం

మూతికి గుడ్డ కట్టుకుని, ఎదురుగా మనిషి వస్తుంటే మెట్ల మీదే గోడకి అతుక్కుపోయే ఆ రోజుల్లో లోకమంతా ప్రాణభయంతో చస్తుంటే, నేను మాత్రం కుళ్లుతో చచ్చాను. అప్పటికి నాకు పెళ్లై ఏడాది కూడా కాలేదు. సూరత్‌లో అడాజన్ దగ్గర మూడో అంతస్తులో అద్దెకుండేవాళ్లం. రోజూ కంపెనీ బస్సెక్కి హజీరా వెళ్లి, అక్కడి ఫ్యాక్టరీ ల్యాబులో నీళ్లు పరీక్ష చేయడం నా ఉద్యోగం. బాయిలర్లోకెళ్లే నీళ్లు, కూలింగ్ టవర్లో తిరిగే నీళ్లు, చివరికి క్యాంటీన్లో తాగే నీళ్లు, ఏవైనా సరే మంచివో కావో నేను సంతకం పెట్టి చెప్పాలి. (ఆ సంతకం చూసుకుని నాకు కాస్త పొగరు కూడా ఉండేది.)

మా ఎదుటి ఫ్లాట్లో, మా కంపెనీలోనే పంపులు చూసే అన్న ఒకాయన ఉండేవాడు. విశాఖపట్నం మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. వదిన, పిల్లలు ఊరెళ్లి లాక్‌డౌన్లో అక్కడే ఇరుక్కుపోయారు. ఆయన హాల్లో గోడ పొడవునా ఉప్పునీళ్ల అక్వేరియం ఒకటి. అందులో ఒక నీలం చేప, ఒక పసుపు చేప, నారింజ రంగు మీద తెల్ల పట్టీలున్న జోకర్ చేప, సన్నటి కాళ్ల ఎర్ర రొయ్య. మా ఆవిడ సాయంత్రమయ్యేసరికి ఏదో వంకన వెళ్లి, ఆ గుమ్మంలో నిలబడి గంటసేపు వాటినే చూసేది. "అన్నయ్యగారిది ఎంత ఓపికండీ, సముద్రాన్ని తెచ్చి ఇంట్లో పెట్టుకున్నారు" అని వచ్చి నాతో చెప్పేది. నాకు ఒళ్లు మండిపోయేది. పొద్దస్తమానం నీళ్లతో చచ్చేది నేను, మెప్పేమో పంపులు బిగించుకునే ఆయనకి. "ఉప్పు కలిపిన నీళ్లే కదే, అందులో ఏముంది" అన్నాను ఒకసారి. "అయితే మీరూ కలపండి" అంది.

ఆ వానాకాలంలో అన్నకి జబ్బు అంటుకుంది. అంబులెన్సు ఎక్కేముందు తాళంచెవి మా గుమ్మంలో పెట్టి, మెట్ల మీంచే చెప్పాడు. "అమ్మాయ్, రోజూ చిటికెడు మేత వెయ్యి. నీళ్లు గీత కిందికి దిగితే ఆర్వో నీళ్లు పొయ్యి, అంతే. నేనొచ్చేదాకా వాటిని బతికుంచు తల్లీ." నీళ్ల కెమిస్టుని నేను పక్కనే గుడ్లప్పగించి నిలబడి ఉంటే, నావైపు చూడనైనా లేదు. ఆయన ఏమైపోతాడో అన్న దిగులు నాకూ ఉంది, కాదనను. కానీ ఆ దిగులుని కూడా పక్కకి నెట్టి కూర్చుంది నా కుళ్లు. మా ఆవిడ తాళంచెవికి శానిటైజర్ పోస్తే, అది ఆరీ ఆరకముందే ఆవిడ చేతిలోంచి లాక్కుని, "నీళ్ల సంగతి నేను చూస్తాలే" అన్నాను. ఆ చేపలు నా చేతిలో ఇంకా నిగనిగలాడాలి, అది చూసి మా ఆవిడ ఒక్క మంచి మాట అనాలి. నాకు కావలసింది అదీ.

అప్పట్లో మా అమ్మ, రాగిబిందెలో నీళ్లు పోసుంచి మర్నాడు తాగండిరా, ఏ రోగమూ దగ్గరికి రాదు అని ఫోన్లో రోజూ ప్రాణం తీసేది. పెళ్లిలో ఇచ్చిన బిందెని చింతపండుతో తళతళా తోమి, అందులో ఆర్వో నీళ్లే పోసుకునేవాళ్లం. అన్న పొయ్యమన్నదీ ఆర్వో నీళ్లే కదా. ఇవీ అవే, పైగా బలం. మనుషులకి మంచిది చేపలకి చెడ్డదవుతుందా అనుకుని, రోజూ రెండు చెంబులు మోసుకెళ్లి మరీ పోశాను.

అయిదో రోజున రొయ్య వెల్లకిలా పడి ఉంది. మర్నాడు నీలం చేప. నిజం చెప్పొద్దూ, లోపల చిన్న సంతోషం కూడా కలిగింది నాకు. "చూశావా మీ అన్నయ్యగారి నిర్వాకం? మేత ఎక్కువేసి పెంచాడు, అడుగున కుళ్లి అమ్మోనియా పుట్టింది" అని ఆవిడకి క్లాసు పీకాను. తీరా ల్యాబు సరంజామా తెచ్చి చూస్తే అమ్మోనియా లేదు. ఉప్పు సరిగానే ఉంది, వేడి సరిగానే ఉంది, గాలిబుడగలు వస్తూనే ఉన్నాయి. "అయితే పంపులోంచి నూనె దిగుంటుంది, పంపుల మనిషి కదా" అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంటూ, "ఆయన ఆక్సిజన్ మీదుంటే అవేం మాటలండీ" అంది. ఆ తర్వాత రెండు రోజులకి పసుపు చేప కూడా పోయింది.

వార్డులోంచి అన్న రోజూ సాయంత్రం వీడియో కాల్ చేసేవాడు. ముక్కుకి గొట్టం, మాటలో సగం గాలే. "ఏవోయ్, నా వాళ్లని ఓసారి చూపించు" అనేవాడు. నిజం చెబితే తట్టుకోలేడేమోనని భయం. జోకర్ చేప ఎటు పోతే అటు ఫోన్ పట్టుకుని, సోఫా ఎక్కి, స్టూలెక్కి, దాన్నే నాలుగు వైపుల నుంచీ చూపించేవాణ్ణి. "నీలంది ఏదోయ్?" అంటే "రాయి వెనకాల పడుకుందన్నా" అనేవాణ్ణి. "మరి పసుపుది?" "అదీ అక్కడే అన్నా." "పోన్లే, రెంటికీ స్నేహం కుదిరిందన్నమాట" అనేవాడు.

ఆఖరికి జోకర్ కూడా మేత మానేసి ఓ మూల ఎగశ్వాస పీల్చడం మొదలెట్టింది. ఇది కూడా పోతే ఆయనకి ఏం చూపించాలో తోచక, సీసాడు నీళ్లు ల్యాబుకి పట్టుకెళ్లి, కూలింగ్ టవర్ నీళ్లకి చేసే పరీక్షలన్నీ వరసపెట్టి చేశాను. వాటిలో రాగి పరీక్ష ఒకటి. (రాగి కలిసిన గొట్టాలు లోపల అరిగిపోతున్నాయేమోనని చూస్తాం.) అసలు రంగే తిరక్కూడనిది, చిక్కటి ఊదారంగు తిరిగింది. ఈ పెద్దమనిషి తొట్టెలో ఏ ఇత్తడి ముక్క బిగించాడో అని ఆయన్నే తిట్టుకుంటూ ఇంటికొచ్చి, దాహమేసి బిందెలో చెంబు ముంచాను. ఆ బిందెలోంచి, ఆ చెంబుతోనే కదా రోజూ మోసుకెళ్లి పోసింది! ఆర్వో నీళ్లు ఆకలి మీదుంటాయి, ఏ లోహంలో పోస్తే దాన్ని కొరుక్కుతింటాయి అని ఫ్యాక్టరీలో కొత్తవాళ్లకి బోర్డు మీద రాసి చెప్పేది నేనే. నీరు ఆవిరైపోతుంది గానీ రాగి పోదు, రోజూ పోసింది రోజూ పోగుపడింది. మనకి ఏమీ కాని ఆ కాస్త రాగీ రొయ్యలకీ సముద్రపు చేపలకీ విషం.

అన్న అలమరలో ఉప్పు సంచి వెతికి, ప్లాస్టిక్ తొట్టెలో కొత్త నీళ్లు కలిపి, సగం తోడి సగం పోసి, మూడు రోజులు అదే పని. ఆవిడకి సంగతంతా చెప్పాను. కొంగు బిగించి మగ్గు అందించడం మొదలెట్టింది. తిట్టినా బాగుండేది. నాలుగో రోజున జోకర్ మేత అందుకుంటే ఇద్దరం అక్కడే నేల మీద కూలబడ్డాం.

ఆ తర్వాత వారానికి అన్న సగమై తిరిగొచ్చాడు. నేను దూరంగా మా గుమ్మంలోనే నిలబడి బిందె దగ్గర్నుంచి కుళ్లు దాకా మొత్తం చెప్పేశాను. ఆయన ఆ ఒక్క చేపనీ కాసేపు చూశాడు. "నీలంది పోయిందని ఆ పూటే తెలిసిందోయ్. అది రాయి వెనక పడుకునే రకం కాదు."

"మరి రోజూ ఎందుకు అడిగావన్నా?"

"నా పక్క మంచాలవాళ్లు ఒక్కొక్కళ్లే ఖాళీ చేస్తున్నారు. ఏమయ్యారంటే నర్సులు వేరే వార్డుకి మార్చామనేవాళ్లు. నువ్వు స్టూలెక్కి అబద్ధమాడ్డానికి అంత తంటాలు పడుతుంటే, నా కోసం ఒకడు ఇంత అవస్థ పడుతున్నాడులే అనిపించేది. ఆ పూటకి అది చాలేది."

నాకు ఏడుపొచ్చింది. సరిగ్గా అప్పుడే మా ఆవిడ చారు పట్టుకొచ్చింది, "మిరియాలు దండిగా వేశానన్నయ్యగారూ" అంటూ. నాకు జలుబు చేసినప్పుడు అన్ని మిరియాలు వేసిన పాపాన పోలేదు. కళ్లలో నీళ్లుండగానే మళ్లీ కుళ్లొచ్చేసింది.

ఆ పై ఏడు ఆయన బదిలీ మీద వెళ్లిపోయాడు. ఇప్పుడు ఎదురింట్లో ఎవరుంటున్నారో నాకు పేరైనా తెలీదు, రెండు తలుపులూ మూసే ఉంటాయి. ఒక్కోసారి ఆఫీసు నుంచి వచ్చి తాళం తీసుకుంటూ, అప్పటి ఆ కుర్రకుంకని తల్చుకుని నవ్వుకుంటాను. మంచివాడేం కాదు వాడు. కానీ కుళ్లుకోవడానికైనా ఎదురుగా ఒక మనిషి ఉండాలి కదా, వాడికి ఉన్నాడు.