దుమ్ముకు చల్లిన ఉప్పు

నా తోడికోడలి అలుపు మీద నాకు కుళ్ళు. ఆమె జీతం మీద కాదు, భుజానికి తగిలించుకునే కొత్త బ్యాగు మీద కాదు, మెడలో వేలాడే ఫోటో కార్డు మీద కూడా అంతగా కాదు. సాయంత్రం ఫ్యాక్టరీ బస్సు దిగి, వాకిట్లో చెప్పులు విడిచి, గోడకు చేరగిలబడి "అబ్బా" అనేది చూడండి, ఆ "అబ్బా" మీద. ఆ మాట వినపడగానే మా అత్త స్టాండు ఫ్యాను ఆమె వైపు తిప్పేది. మరిది చెంబుతో మంచినీళ్ళు తెచ్చేవాడు. "పాపం, పనికి పోయొచ్చింది" అని ఇల్లంతా మెత్తబడిపోయేది. పొద్దున లేచినప్పటి నుంచి నేనూ వంద సార్లు "అబ్బా" అనుకునేదాన్ని. ఫ్యాను ఒక్కసారి కూడా నా వైపు తిరగలేదు.

మా ఇల్లు ముదిగుబ్బ నుంచి ధర్మవరం పోయే దారిలో, రోడ్డును ఆనుకునే ఉంటుంది. ముందు గదిలో గుంత మగ్గం. మా ఇంటాయన దాని మీద పట్టుచీరలు నేస్తాడు. మరిది ధర్మవరంలో పట్టుకు రంగులు అద్దే చోట పని చేస్తాడు. ఇంట్లో పని అత్తా, నేనూ, తోడికోడలూ పంచుకునేవాళ్ళం. నేను మగ్గానికి పట్టుదారం కండెలు చుడితే ఆమె వంట చూసేది, ఆమె బట్టలుతికితే నేను అంట్లు తోమేదాన్ని. తోడికోడలి పుట్టిల్లు రాయదుర్గం. పెళ్ళికి ముందే అక్కడ జీన్సు ప్యాంట్లు కుట్టడం నేర్చుకుంది. మాది గోరంట్ల పక్క పల్లె. మా నాయన నాకు వేరుశనక్కాయలు వలవడం, గొర్రెలను అదిలించడం నేర్పించాడు. అవి చూసి ఎవరు బస్సు పంపిస్తారు?

బట్టల ఫ్యాక్టరీ వాళ్ళు మా వైపు బస్సు వేయగానే తోడికోడలు పనిలో చేరింది. ఆమె వంతు పని మాత్రం ఇంట్లోనే ఉండిపోయింది. దాన్ని నాకు ఎవరూ ఇవ్వలేదు, నేనూ తీసుకుంటానని అనలేదు. పొయ్యి మీద పాలు పొంగుతుంటే దగ్గరున్నవాళ్ళే కదా దించేది. దగ్గరున్నది నేను.

చుట్టాలొచ్చి "చిన్నకోడలు యాడమ్మా?" అని అడిగితే అత్త మెడ కొంచెం పైకి లేచేది. "డ్యూటీకి పోయింది." "మరి పెద్దకోడలు?" "ఆమె ఊరికే ఇంట్లోనే ఉండాది." అప్పుడు నేను ఆ చుట్టాలకే ఉప్మా కలుపుతూ ఉండేదాన్ని. ఊరికే అంటే పనేమీ లేకుండా అని ఒక అర్థం. ఊరికే అంటే డబ్బు తీసుకోకుండా అని ఇంకో అర్థం. మా అత్త మొదటి అర్థంలో అనేది, నేను రెండో అర్థంలో వినేదాన్ని. ఉప్మాలో కావాలనే పచ్చిమిరపకాయలు ఇంకో రెండు తుంచి వేసేదాన్ని.

ఆ బస్సు ఎక్కాలని నాకు ఎంత ఆశగా ఉండేదో చెప్పలేను. బస్సులో ఆడవాళ్ళు గట్టిగా నవ్వుకుంటూ పోయేవాళ్ళు. తోడికోడలు కిటికీలోంచి మా ఇంటి వైపు చూడకుండా పక్కామెతో మాట్లాడుతూ పోయేది. ఆదివారం వస్తే ఆమె ఎండ పడేదాకా పడుకునేది, "పాపం, వారమంతా కష్టపడింది, లేపొద్దు" అనేవారు. నాకు ఆదివారం అంటే అందరూ ఇంట్లో ఉండే రోజు, అంటే అంట్లు ఎక్కువ పడే రోజు. నాకూ ఒక పని ఇప్పించమని తోడికోడల్ని అడగాలని నోటిదాకా వచ్చేది. అడిగితే ఆమె ముందు తగ్గినట్టు అవుతుందని మింగేసేదాన్ని.

ఇంతలో రోడ్డు వెడల్పు చేస్తామని తవ్వారు. ఎర్రమట్టి, కంకర పోసి కాంట్రాక్టరు ఎటో పోయాడు. టిప్పర్లు మాత్రం పోలేదు. ఒక్కో బండి పోతే ఎర్రదుమ్ము లేచి తిన్నగా మా ముందు గదిలోకి వచ్చేది. కిటికీ మూస్తే మగ్గం గుంతలో కూర్చున్న మనిషికి ఊపిరాడదు. తెరిస్తే పట్టు మీద దుమ్ము. మీగడ రంగు చీర మగ్గం మీద ఉంటే మా ఇంటాయన ప్రాణం గుప్పిట్లో పెట్టుకునేవాడు.

"ఏమే, రోడ్డు మీద కొంచెం నీళ్ళు చల్లరాదా? ఊరికే ఉంటావు గదా" అన్నాడొక పొద్దున.

వాకిలికి కళ్ళాపి చల్లేదాన్ని, ఇక రోడ్డుకూ చల్లడం మొదలుపెట్టాను. మా బోరు నీళ్ళు అంతంతమాత్రమే. ఎండకు చల్లింది చల్లినట్టే ఆరిపోయి, బకెట్టు లోపల పెట్టి వచ్చేసరికి మళ్ళీ దుమ్ము. భుజాలు పడిపోయేవి. ఒకరోజు ఊరమిరపకాయలు తీసేశాక మిగిలిన ఉప్పునీళ్ళు వృథా ఎందుకని రోడ్డు మీదే పోశాను. మర్నాడు చూస్తే ఆ పోసిన మేర మట్టి పెచ్చు కట్టి గట్టిగా ఉంది. టిప్పరు పోయినా అక్కడ దుమ్ము లేవలేదు. ఆటోలో ఉప్పు అమ్ముకుంటూ వచ్చేవాడి దగ్గర గళ్ళుప్పు మూట తీసుకున్నాను. బకెట్టులో రెండు దోసిళ్ళు వేసి కలిపి చల్లడం మొదలుపెట్టాను. దుమ్ము సగానికి సగం తగ్గింది. మా ఇంటాయన చీర మడత పెడుతూ "ఈసారి అద్దం మాదిరి వచ్చింది చూడు" అని తన చేతులు తాను చూసుకున్నాడు.

ఆ ఉప్పు ఊరికే పని చేయలేదు, దాని వసూళ్ళు అది చేసుకుంది. ముదిగుబ్బ వైపు నుంచి వచ్చే గొర్రెల మంద మా ఇంటి ముందుకు రాగానే ఆగిపోయి రోడ్డు నాకడం మొదలుపెట్టేది. కాపరి తిడతాడు, గొర్రె కదలదు, వెనక టిప్పరువాడు హారన్ వదలడు. ఇంటి ముందు గోడ అడుగున సున్నం పొక్కి పెచ్చులు పెచ్చులుగా రాలింది. వాకిట్లో కరివేపాకు మొక్క మాడిపోయింది. నా మడమలు పగిలి నడుస్తుంటే మంటపుట్టేవి. గోడ గురించి ఇంట్లో మాట్లాడుకున్నారు. కరివేపాకు గురించి అత్త బాధపడింది. మడమల సంగతి ఎవరికీ తెలియదు, నేనూ చెప్పలేదు.

ఒక పొద్దున ఉప్పు సరిగ్గా కరగలేదు. గడప ఎదురుగానే రోడ్డు మీద తెల్లగా గళ్ళు గళ్ళుగా పడి ఉంది. తోడికోడలు బస్సు కోసం పరుగున పోతూ దాన్ని దాటి, ఒక్క క్షణం ఆగి కిందికి చూసి, నా వైపు చూసి బస్సెక్కింది. ఆ సాయంత్రం చేతికి కట్టుతో దిగింది. కుట్టుమిషను సూది వేలిలో దిగిందట. నేను వేడినీళ్ళు పెడదామని లేచాను. ఆమె వాకిట్లోనే నిలబడి అరిచింది.

"నీ కన్ను తగిలింది చాల్లేదా అక్కా? దిష్టి తీసిన ఉప్పు తెచ్చి నా దారిలో పోసి దాటించినావే!"

పక్కింటివాళ్ళు బయటికొచ్చారు. మా వైపు దిష్టి తీసిన ఉప్పును ఎవరూ తొక్కరు, దాటరు. దాటితే ఆ పీడ దాటినవాళ్ళకు చుట్టుకుంటుందని భయం. నేను రోజూ రోడ్డంతా ఉప్పునీళ్ళు చల్లడం అందరూ చూస్తున్నదే. అయినా ఆ గళ్ళను చూడగానే ఎవరికీ దుమ్ము గుర్తు రాలేదు. నా కుళ్ళే గుర్తొచ్చింది. అంటే అది అందరికీ కనపడుతూనే ఉందన్నమాట. దాచుకున్నాననుకున్నది నేనొక్కదాన్నే.

"ఉప్పు దుమ్ముకు పోసినా పాపా," అన్నాను. "కుళ్ళంటావా, ఉండాది. లేదని ఎవరన్నారు? నువ్వు అబ్బా అంటే ఫ్యాను తిరుగుతాది. నేను చచ్చేటట్టు చేసినా ఊరికే ఉన్నట్టే. కుళ్ళకుండా ఏం చేయాల నేను?"

తోడికోడలు ఒక అడుగు వెనక్కి వేసింది. లేదు లేదని నేను ఒట్లు వేస్తాననుకుంది కాబోలు. అత్త "ఏం మాటలమ్మీ అవి, బజారున పడి" అని ఇద్దర్నీ లోపలికి తోలింది. మా ఇంటాయన మగ్గం గుంతలోంచి లేవకుండానే తీర్పు చెప్పాడు.

"ఇంక ఆ ఉప్పు చల్లొద్దే. గోడ పాయె, పరువు పాయె."

"ఉప్పే కాదు, నీళ్ళు గూడా చల్లను. కండెలు గూడా చుట్టను. ఊరికే ఉంటా," అన్నాను.

నిజంగానే ఊరికే ఉన్నాను. వంట చేసి, తిని, పడుకున్నాను. పగలు పడుకోవడం నాకు చేతకాలేదు, కళ్ళు మూసుకొని టిప్పర్ల చప్పుడు వింటూ ఉండేదాన్ని. మా ఇంటాయన కండెలు తానే చుట్టుకొని, తానే నేసుకొని, మధ్యలో లేచి కిటికీ మూసుకొని, తెరుచుకొని, నడుం పట్టుకొని మూలిగేవాడు. అప్పుడు మగ్గం మీదున్న మీగడ రంగు చీర పూర్తయ్యేసరికి అది మీగడ రంగు కాదు. చీరలు కొనే షావుకారు దాన్ని వెలుతురులో పట్టుకొని చూసి వెనక్కి పంపేశాడు. ఆయన చీరను మంచం మీద పరిచి దాని పక్కనే కూర్చున్నాడు. నాకు జాలేసింది. కానీ ఆ జాలి కింద ఒక చిన్న సంతోషం ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. నేను చేయకపోతే ఏమవుతుందో మొదటిసారి ఒక రంగులో కనపడింది.

తర్వాతి ఆదివారం తోడికోడలు పెందలాడే లేచింది. కట్టు తడవకుండా ఎడమచేత్తో బకెట్టు పట్టుకొని రోడ్డు మీద నీళ్ళు చల్లింది. నేను గడపలో నిలబడి చూశాను. సగం చల్లేసరికి మొదట చల్లింది ఆరిపోయింది. ఆమె దాని వైపు, బకెట్టు వైపు చూసి "దీని తల్లి" అంది. తర్వాత లోపలికొచ్చి నా పక్కన కూర్చుంది.

"అక్కా, మా ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే పనికి మనుషులు కావాల. కుట్టు రాకున్నా పర్లేదు. మా సూపర్‌వైజరు మేడమ్‌కు చెప్పినా. రేపు రా."

"నీకెందుకే నా మీద అంత ప్రేమ?"

"ప్రేమా గీమా ఏం లేదు. నీ కుళ్ళు ఈ ఇంట్లో ఉంటే నాకు భయం. బస్సులో నా పక్కన కూచుంటే సరిపోతాది," అంది.

నాకు నవ్వొచ్చింది. ఆమెకూ వచ్చింది.

మా ఇంటాయన మొదట ఊరుకోలేదు. తర్వాత పక్క వీధిలో ఒకామెను కండెలకు కూలికి పెట్టుకున్నాడు. ఆమె కాళ్ళు చాపుకొని కూర్చొని కండెలు చుట్టి, కూలి చీరకొంగున ముడేసుకొని పోయింది. పెళ్ళయినప్పటి నుంచి నేను చుట్టిన కండెలే అవి, అదే రాట్నం, అదే మూల. బస్సెక్కే ఆనందంలో ఉండి కూడా నేను ఆమెను చూసి కుళ్ళుకున్నాను. ఈ రోగం నాకు పోదేమో అనిపించింది.

ఫ్యాక్టరీలో మొదటి రోజు చేతులు బొబ్బలెక్కాయి. ప్యాంటు తర్వాత ప్యాంటు, దారం తర్వాత దారం. పని ఇంట్లో కంటే తక్కువేమీ కాదు. కానీ బెల్లు కొట్టగానే అది ఆగిపోయింది. పని ఆగడం అనేది ఒకటుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చొని, ముఖానికి గాలి తగులుతుంటే రాణిలా వచ్చాను.

దిగేసరికి అత్త రోడ్డు మీద ఉంది. తోడికోడలు బ్యాగు ఊపుకుంటూ లోపలికి పోయింది. అత్త చీర ఎగదోపుకొని నీళ్ళు చల్లుతోంది. తెల్లజుట్టు ఎర్రగా అయిపోయింది. వంట, అంట్లు, బట్టలు, ఈ రోడ్డు, అన్నీ ఆమె చేతికి పోయాయని నాకు అప్పుడు తట్టింది. "అయ్యో, నువ్వెందుకత్తా" అంటూ బకెట్టుకు చెయ్యి చాపాను. ఆమె ఇవ్వలేదు. నా మెడలో కార్డు చూసింది, నా చేతి సంచి చూసింది, నన్ను పైనుంచి కింది దాకా చూసింది. ఆ చూపు నాకు కొత్త కాదు. నేను చూసే చూపే అది. కాకపోతే ఇంతవరకూ నన్ను చూసి కుళ్ళుకున్న మనిషి నా జీవితంలో ఒక్కరూ లేరు.

"కిటికీ కాడ కూచున్నావా?" అంది.

"ఆఁ."

ఇంకో దోసెడు నీళ్ళు చల్లింది. చల్లి, నా వైపు తిరగకుండా అడిగింది.

"మ్మే, ఆ ఫ్యాక్టరీలో ఊడ్చేటోళ్ళకు గూడా జీతమిస్తారంట గదా. నా వయసోళ్ళను పెట్టుకుంటారా?"

తమాషాకు అడిగిందనుకొని నవ్వాను. ఆమె నవ్వలేదు. బకెట్టు పట్టుకొని జవాబు కోసం నిలబడింది.