మామగారి నాలుకా, సోడా ఉప్పూ

నేను ధర్మపురికి కాపురానికి వచ్చిన కొత్తలో మా అత్త నాకు వంటిల్లు అప్పగిస్తూ ఒక్కటే షరతు పెట్టింది. ఉప్పు ఎక్కువైనా సర్దుకోవచ్చు, అన్నం అడుగంటినా సర్దుకోవచ్చు, సోడా ఉప్పు మాత్రం గిన్నె దరిదాపులకు రాకూడదు.

"మీ మామకు నాలుక మీద పెట్టుకుంటానే తెలిసిపోతుంది. ఆకు ముందర నుంచి లేసిపోతారు" అంది.

మామగారికి ఊళ్లో చింతపండు మండీ ఉండేది. బస్తా విప్పి ఒక్క పీచు నోట్లో వేసుకుని, ఇది హరూరు వైపు కాయ, ఇది పోయిన ఏటి సరుకు అని చెప్పేసేవారు. కాదు అనే ధైర్యం మండీలో ఎవరికీ లేదు కాబట్టి ఆయన చెప్పింది ఎప్పుడూ నిజమే అయ్యేది. తన నాలుక మీద ఆయనకున్న గౌరవం ఇంట్లో మనుషులెవరి మీదా ఉన్నట్టు నాకు కనిపించలేదు.

సోడా మీద ఆయనకు పగ పుట్టింది హరూరులో, ఎవరిదో పెళ్లి విందులో. అక్కడ బోండాలు పొంగి బంతుల్లా ఉన్నాయట. తిరుగు బస్సులో దారి పొడుగునా ఆయన కడుపు పట్టుకుని కూర్చున్నారట. ఈ కథ ఇంటికి వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు. ఎన్ని బోండాలు తిన్నారన్నది మాత్రం ఆ కథలో ఎప్పుడూ వచ్చేది కాదు.

విచిత్రం ఏమిటంటే మామగారు రోజూ సోడా ఉప్పు తాగేవారు. భోజనం కాగానే గ్లాసు నీళ్లలో ఒక చెంచాడు కలుపుకుని గటగటా తాగి, వీధిలోకి వినబడేలా తేన్చి, మండీకి పోయేవారు. కడుపు ఉబ్బరానికి ఆసుపత్రి కాంపౌండరు చెప్పిన మందు అది. కడ నుంచి, అంటే కొట్టు నుంచి, తెచ్చి రేకు డబ్బాలో పోసి, హాల్లో గోడ గూట్లో పెట్టుకునేవారు.

కొత్తదాన్ని కాబట్టి నేను అడిగాను, "అత్తా, అది సోడా ఉప్పే కదా?" అని.

"వంటింట్లో ఉంటే సోడా. ఆ గూట్లో ఉంటే మందు" అంది అత్త, నవ్వకుండా.

యుద్ధం వచ్చి అన్నీ కంట్రోలులోకి పోయాయి. మాకు దొరికే కందిపప్పు ఏ గోదాములో ఎన్నాళ్లు మగ్గిందో, ఎంతసేపు ఉడికించినా గింజ గింజగానే తేలేది. కట్టెలకూ కరువే. ఉన్నవేమో పచ్చివి, పొయ్యి ముందు ఊది ఊది మా ఇద్దరి కళ్లూ ఎర్రబడేవి. వెల్లిచందైలో మా పుట్టింట్లో రాగి సంగటి, ఉలవచారు తిని పెరిగినదాన్ని కాబట్టి నాకు ఈ పప్పు లేకపోయినా పొద్దు గడిచేది. మామగారికి పప్పు లేని అన్నం అన్నమే కాదు.

ఒక రోజు పప్పు ఉడకదు, మామగారు వచ్చే వేళ అయింది. అత్త చెయ్యి కడుక్కుని హాల్లోకి పోయింది. తిరిగి వచ్చినప్పుడు ఆమె బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తెల్లగా ఏదో ఉంది. పప్పులో వేసి మూత పెట్టింది. నేను చూశాను. చూశానని ఆమెకు తెలుసు.

"మందే లే. పప్పుకు కూడా ఒళ్లు బాగాలేదు" అంది.

ఆ పూట పప్పు వెన్నలా కరిగింది. మామగారు రెండోసారి వడ్డించుకుని, "ఇదీ పప్పంటే. వంటలో కల్తీ లేకుంటే రుచి ఇట్ల ఉంటుంది" అన్నారు. అత్త నెయ్యి వడ్డించింది.

సోడా గురించి నాకు తెలిసిందంతా ఆ రోజుల్లో అత్త దగ్గర నేర్చుకున్నదే. చిటికెడు వేస్తే పప్పు మెత్తబడుతుంది, రుచి చెడదు. అది దాటిందా, సబ్బునీళ్ల వాసన. ఆకుకూరలో వేస్తే కంటికి పచ్చగా కళకళలాడుతుంది గానీ నోట్లో పసరు జావలా జారిపోతుంది. చింతపండు పులుసులో పడితే నురగ పొంగి పులుపు చచ్చిపోతుంది. పుల్లమజ్జిగతో కలిపిన పిండిలో మాత్రం దాని జాడ తెలియదు. బజ్జీల పిండిలో కాస్త ఎక్కువైతే నూనె అంతా తాగేస్తుంది.

ఒకనాడు అత్త చెయ్యి జారింది. పసుపు వేసిన పప్పు మా కళ్లముందే ఇటుక రంగుకు తిరిగింది. పారబోసి మళ్లీ వండడానికి ఇంట్లో ఇంకో గుప్పెడు పప్పు లేదు. అత్త కాస్త చింతపండు రసం పిండింది. అది బుసబుసా పొంగి, సగం రంగు దిగింది. మిగిలిన సగం రంగుతోనే వడ్డించాము.

"ఇదేంది, పప్పు ఎర్రగా ఉండాది?" అన్నారు మామగారు.

"కంట్రోలు పప్పు. ఉత్తరాది నుంచి వచ్చిందంట" అంది అత్త.

మామగారు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. ఆయన కళ్లు తెరిచి, పక్కన కూర్చున్న మా ఆయనతో, "ఉత్తరాది నేల ఎర్రమన్ను. గింజలో ఆ మన్ను రుచి తెలుస్తా ఉండాది, చూడు" అన్నారు. మా ఆయన తల ఊపారు. ఆయన అన్నిటికీ అలాగే తల ఊపేవారు.

ఇంతటి నాలుక అత్తను ఒక్క విషయంలో మాత్రం ఏడిపించేది. అది పొంగణాల విషయం. అమావాస్యకు అమావాస్యకు మా ఇంట్లో బెల్లం పొంగణాలు చేసేవాళ్లు. గుంతల పెనం మీద నెయ్యి వేసి, బియ్యం, మినప్పప్పు రుబ్బిన పిండిలో బెల్లం పాకం కలిపి అత్త ఎంతో శ్రద్ధగా పోసేది. మామగారు ఒకటి విరిచి తిని, నిట్టూర్చేవారు.

"బాగుండాయి. మా అమ్మ చేసినట్ల లేవు, అంతే."

ఆయన తల్లి చేసినవి పైన కరకరలాడేవట, లోపల దూదిలా ఉండేవట, రంగు కూడా ఇంకాస్త ముదురట. అన్నిటికంటే, తిన్నాక చివర్లో నాలుక మీద సన్నగా ఏదో చురుక్కుమనేదట. "అది అమ్మ చేతిలో ఉండే గుణం. నేర్చుకుంటే వచ్చేది కాదు" అనేవారు. అత్త మినప్పప్పు పెంచి చూసింది, తగ్గించి చూసింది, పిండి ఎక్కువసేపు పులియబెట్టి చూసింది. బెల్లం మార్చింది. కొత్త పెనం కూడా కొనిపించుకుంది. పెళ్లయిన నాటి నుంచి నేను వచ్చేదాకా ప్రతి అమావాస్యా ఆమెకు పరీక్షే, ప్రతిసారీ తప్పడమే. ఆమె అత్తగారు పోయి చాలా కాలమైంది కాబట్టి అడిగి తెలుసుకునే దారి కూడా లేదు, చేతి గుణం అన్నాక ఆడపడుచును అడగాలని తోచనూ లేదు.

యుద్ధం ముదిరాక ఓడలు రావడం లేదని కడల్లో సోడా ఉప్పు దొరకడం మానేసింది. గూట్లో డబ్బా అడుగుకు వచ్చింది. మామగారు డబ్బా ఊపి చూసుకుని, "ఈ పొద్దు సరుకు సరుకే కాదు, గాలికే ఆవిరైపోతా ఉండాది" అని కడవాళ్లను తిట్టారు. చివరికి మందూ లేదు, పప్పుకు చిటికెడూ లేదు. పప్పు మళ్లీ గింజలుగా తేలింది. ఇడ్లీలు పలకల్లా దిగాయి. మామగారి కడుపు ఉబ్బింది.

ఒక మధ్యాహ్నం ఆయన చెయ్యి ఆపి అత్త వైపు చూశారు.

"నిజం చెప్పు. వంటలో సోడా వేస్తా ఉండావా?"

వేసినన్నాళ్లూ మెచ్చుకున్న మనిషి, మానేశాక పట్టుకున్నాడు.

"లేదు" అంది. ఆ మాటకొస్తే నిజమే.

"నా నాలుకకు తెలుస్తుంది" అని ఆయన లేచిపోయారు. ఆ రోజు నుంచి మజ్జిగన్నం తప్ప ఇంకేమీ ముట్టలేదు.

తమ్ముడు సరిగా తినడం లేదని తెలిసి మారండహళ్ళి నుంచి ఆయన అక్క వచ్చింది. నాకు పెద్దమ్మ వరస. బస్సు దిగి తిన్నగా వంటింట్లోకి వచ్చి, పైట బిగించి, "వాడికి చిన్నప్పటి నుంచీ పొంగణాలంటే ప్రాణం. నేను చేసి పెడతాను, చూడు ఎట్ల తింటాడో" అంది. ఇంట్లో పిండి ఎలాగూ పులిసి ఉంది. బెల్లం పాకం కలిపి, చెయ్యి చాచింది.

"అప్పళకారం ఎక్కడ ఉండాది?"

అప్పళకారం అంటే అప్పడాల పిండిలో కలిపే తెల్లని ఉప్పు. ప్రతి వేసవికీ అప్పడాలు పెడతాము కాబట్టి అటక కింది జాడీలో అది ఎప్పుడూ ఉండేది.

"దేనికి వదినా?" అంది అత్త.

"దేనికేంది? పిండిలోకి. మా అమ్మ నీళ్లలో నానబెట్టి, పైతేట వంచి పోసేది."

అత్త జాడీ దించి ఆమె చేతికిచ్చి, పొయ్యి దగ్గర కూర్చుని కట్టెలు సర్దింది. సర్దిన కట్టెలనే మళ్లీ సర్దింది. పెనం మీద పిండి పడగానే గుంతల్లో బుడగలు లేచి, అంచులు ముదురు ఎరుపుకు తిరిగాయి. ఆ వాసన మా ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

మామగారు ఒకటి తిన్నారు. ఇంకోటి తిన్నారు. ఆయన కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఇదే. అమ్మ చెయ్యి నీకు వచ్చింది అక్కా" అన్నారు.

"చెయ్యి లేదు, కాలు లేదు. అప్పళకారం వేసినాను" అంది పెద్దమ్మ, ఇంకో రెండు వడ్డిస్తూ.

"అప్పళకారమా?"

"అవును. ఇప్పుడు అందరూ సోడా వేస్తారే, అట్లనే. సోడా నిన్న మొన్న వచ్చింది. అంతకు ముందర అందరూ దీన్నే వేసేవాళ్లు."

మామగారి చేతిలో పొంగణం ఆగింది. కానీ ఎక్కువసేపు ఆగలేదు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"అది వేరు, ఇది వేరు. అప్పళకారం మన నేలలో పుట్టింది. సోడా సీమ సరుకు. సీమ సరుకు ఒంటికి పడదు."

అప్పటిదాకా ఆయన ఒంటి మీద ఖద్దరు చూసినవాళ్లు లేరు. పొంగణాల విషయంలో మాత్రం ఆ క్షణాన స్వదేశీ అయ్యారు. తెల్లవాళ్లు వంటల్ని ఎలా పాడు చేశారో చెప్పడం మొదలుపెట్టారు. అత్త వంటింటి గడపలో నిలబడి వింటోంది. ఆయన మాట మధ్యలో ఆమె అడిగింది, గొంతు పెంచకుండా:

"మీ మందు డబ్బా అంత తొందరగా ఎట్ల అయిపోయిందనుకున్నారు?"

మామగారికి అర్థం కాలేదు.

"పప్పులో వేసినాను. మీరు రెండోసారి పెట్టించుకున్న ప్రతిసారీ వేసినాను. ఆ ఎర్ర పప్పులో కూడా అదే. సోడా వేసినావని లేచిపోయినారే, ఆ పూట ఒక్క పలుకు కూడా వెయ్యలేదు."

మా ఆయన మొట్టమొదటిసారి తల ఊపడం మరిచిపోయారు. పెద్దమ్మ మాత్రం నవ్వాపుకోలేక పొలమారి, నీళ్లడిగింది. మామగారు నా వైపు చూశారు, అత్త వైపు చూశారు, ఆకులో మిగిలిన పొంగణం వైపు చూశారు.

"నాకు తెలుసు. చెప్పడం ఏమిటికని ఊరుకున్నాను" అన్నారు. అని, అది తినేసి, చెయ్యి కడుక్కుని, ఎండ మండుతున్నా చెప్పులు మరిచి మండీకి పోయారు.

పెద్దమ్మ ఊరికి పోయాక అత్త ఆ సంగతి ఎత్తలేదు. నేనే ఒకసారి, "ఇప్పుడు తెలిసిపోయింది కదత్తా, ఇంక మనమూ అట్లనే చేస్తాము" అన్నాను.

"ఇన్నేండ్లు నా చేతిలోనే ఏదో లేదనుకున్నాను" అంది. "నా చెయ్యి చూసుకుని ఏడ్చినాను కూడా. ఉండేది అటక కింద జాడీలో." చేతిలో గిన్నె బోర్లించి, "ఆయనకు కావాలంటే నువ్వు చేసిపెట్టు అమ్మీ. నేను చెయ్యను" అంది.

అమావాస్య వచ్చింది. నేను ఒక గిన్నెలో అప్పళకారం తేట కలిపిన పిండి పెట్టుకున్నాను. అత్త నన్ను పక్కకు జరగమని, తన పిండితో, ఏమీ కలపకుండా, మొదటి వాయి తానే పోసింది. లేత రంగులో, కాస్త బరువుగా, అంచు వరకూ మెత్తగా దిగాయి. ఇవి మా అమ్మ చేసేవి, ఇట్లనే ఉంటాయి అంది నాతో. వాటిలో ఏ చురుకూ లేదు. బెల్లం, నెయ్యి, పులిసిన పిండి, ఏ రుచికా రుచి విడిగా తెలుస్తోంది. నాకు అవే ఎక్కువ నచ్చాయి. ఆ మాట ఆమెతో అంటే, సరిలే అంది.

మామగారు మండీ నుంచి వచ్చి పెరట్లో కాళ్లు కడుక్కుంటున్నారు. మా ఇంట్లో మగవాళ్లు తిన్నాకే ఆడవాళ్లం తినేది. అత్త ఒక చిన్న ఆకు వేసుకుని, పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని, తను చేసిన పొంగణాల మీద నెయ్యి పోసుకుంది. ఆయన కాళ్లు తుడుచుకుని లోపలికి వచ్చేసరికి రెండోది తింటోంది. ఆయన గడపలో ఆగి చూశారు. ఆమె లేవలేదు.